ఆరు గింజలు

నూట అరవై అక్షరాల్లో
ఒక బిడ్డను బతికించమన్నారు.
చుక్కలూ ఖాళీలూ కూడా లెక్కలోకే వస్తాయన్నారు.
లిలాంగ్వేలో, ఫ్యాను కింద కూర్చుని రాశాను:
"బిడ్డకు జ్వరం వస్తే
వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి."
ఇంకా బోలెడు అక్షరాలు మిగిలాయి.
మిగిలినందుకు గర్వపడ్డాను కూడా.

ఆ ఒక్క వాక్యాన్నీ సంచిలో పెట్టుకుని
షిరే నది దిగువకి, న్సాంజే దాటి,
లారీ మీద కొంత, సైకిలు వెనక సీటు మీద కొంత
వెళ్లాను.

చాప మీద పదిమంది తల్లులు.
చితెంజె బట్టల అంచుల్లో ఎండుచేపల వాసన.
చదివాను.
అందరూ తలలూపారు.
దూరం నుంచి వచ్చిన మనిషికి
దాహానికిచ్చినట్టు, తలూపడం ఒక మర్యాద.

ఒక్క ఫలేసి ఊపలేదు.
ఒళ్లో పసిది, అరచేతుల మధ్య జొన్నకంకి.
నలుపుతూనే అడిగింది:
"వెంటనే అంటే ఎంత?"

"అంటే... ఆలస్యం చెయ్యకుండా."

"అది నాకూ తెలుసు. ఎంత?"

నేను నోరు వెతుక్కుంటుంటే
తనే గింజలు ఒక్కొక్కటీ చాప మీద పెట్టింది.

ఇది ఫోను. మా ఆయనది.
ఆయన చేపలకు పోతే అదీ పోతుంది.
నీ మాట నడి ఏట్లో, తడి చొక్కా జేబులో మోగుతుంది.
ఇది మా అత్త. వేర్లు ఉడికించి చూద్దామంటుంది.
చెడ్డది కాదు,
తొమ్మిదిమందిని కని ఆరుగుర్ని నిలబెట్టుకున్న మనిషి.
ఇది సైకిలు. ఊరికి రెండు. ఒకదానికి చైను లేదు.
ఇది ఏరు. జనవరిలో పడవవాడు
ముందు డబ్బు చూపించమంటాడు.
వీళ్లు పై పిల్లలిద్దరూ. ఎవరి గడపలో దింపి పోను?
ఇది కలుపు. రెండు రోజులు వదిలేస్తే
కోతల్లో ఒక బస్తా తక్కువ.

ఆరు గింజలు.
కోడిపిల్ల ఒకటి వచ్చి చివరిది పొడుచుకుపోయింది.
"కలుపు పీడ వదిలింది," అంది వెనకనుంచి మెలిఫా.
అందరూ నవ్వారు. నేనూ నవ్వాను,
కొంచెం ఆలస్యంగా.

నా దగ్గర బొమ్మ కూడా ఉంది. తీశాను.
తెల్లగోడ, మంచం, దోమతెర,
పళ్లన్నీ కనపడేలా ఒక తల్లి.
ముసలి ఎస్నాతి దాన్ని దగ్గరగా, దూరంగా పెట్టి చూసి
"ఈమెకి మంచం ఉందే," అంది.
"ఈమెకి మా మాటలెందుకు చెప్తున్నావు?"

పొద్దు వాలింది. నా వాక్యం
చాప మీద ఎక్కడో కింద పడి ఉంది,
ఎవరూ తొక్కకుండా పక్కకి జరిగి కూర్చున్నారు.

పోయేముందు ఫలేసి అంది:
"నాకు పంపకు. ఒళ్లు కాలిపోతుంటే
నా చెయ్యి నాకు చెప్తుంది.
సైకిలున్న సామలానీకి పంపు.
అర్ధరాత్రి తలుపు కొడితే విసుక్కోవద్దని పంపు.
మా అత్త సాయంత్రం రేడియో వింటుంది,
ఆమెను ఆమె పేరుతోనే పిలవమను.
వేర్లు వద్దనొద్దు. బిడ్డను ఎత్తుకుని
నువ్వే ముందు నడువమ్మా, అనమను."

లిలాంగ్వేలో కాగితం మీద ఒక గడి ఉంది:
'ఎవరికోసం'. అందులో ముందే అచ్చయి ఉంది: తల్లి.
కొట్టేసి రాశాను. పైవాళ్లు నా రాతను కొట్టేశారు.
మళ్లీ రాశాను. చివరికి
రెండూ పంపమన్నారు, ఖర్చు గొణుక్కుంటూ.
వెంటనే అన్న మాట మాత్రం తియ్యనివ్వలేదు,
అది పైనుంచి వచ్చిందట.

ఫిబ్రవరిలో ఒక రాత్రి
తెలియని నంబరు ఒక్కసారి మోగి ఆగింది.
తిరిగి చేశాను.
వాన చప్పుడు, ఎవరిదో ఆయాసం.
"సామలానీని. సైకిలిచ్చాను.
నేనే తొక్కుకుంటూ తెచ్చాను, ముసలామె ముందే నడిచింది.
ఏటి ఒడ్డున ఉన్నాం.
పడవవాడి నంబరు నీ దగ్గరుందా?"

కాగితాలన్నీ నేలమీద పరిచాను.
ఆ రోజు చాప మీద
నాలుగో గింజ పేరు
నేను అడగలేదు.